ఇంటి బడికి పుస్తకాలేవి?

మన తెలుగు నవలల్లో బడికి ఎప్పుడూ మంచి పేరే. తాగుబోతు తండ్రి ఉంటాడు, గయ్యాళి సవతితల్లి ఉంటుంది, వడ్డీవ్యాపారి ఉండనే ఉంటాడు. బడి మాత్రం వేపచెట్టు నీడలో చల్లగా ఉంటుంది. అందులో ఒక మేష్టారు, ఖద్దరు చొక్కా, చిరుగుల గొడుగు. మూడో ప్రకరణంలో ఆయన చేత "ఈ కుర్రవాణ్ణి చదివించండయ్యా" అనిపిస్తే చాలు, ముప్ఫయ్యో ప్రకరణంలో కుర్రవాడు జీపులో దిగుతాడు. నా నవలల్లోనూ అలాంటి మేష్టార్లు ఒకరిద్దరున్నారు. వాళ్ళంటే నాకిప్పటికీ ఇష్టమే.

అందుకే కాబోలు, టోనీ మారిసన్ 1970లో వెలువరించిన 'ది బ్లూయెస్ట్ ఐ' నవల తెరిచినప్పుడు మొదటి పేజీ దగ్గరే ఆగిపోయాను. అమెరికాలో పసిపిల్లలకు చదువు నేర్పే వాచకంలోని పాఠం లాంటి పాఠంతో మొదలవుతుంది ఆ పుస్తకం. ముచ్చటైన ఇల్లు, అమ్మ, నాన్న, పిల్లలు, ఒక పిల్లీ, ఒక కుక్కా. అదే పాఠం రెండోసారి చుక్కలూ కామాలూ లేకుండా అచ్చయి ఉంటుంది. మూడోసారి మాటకూ మాటకూ మధ్య ఖాళీ కూడా ఉండదు. అర్థం కాకపోయినా గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పే పిల్ల గొంతు లాగా. ఆ తర్వాత కథలోకి పెకోలా అనే నల్లపిల్ల వస్తుంది. ఆ పిల్లకు నీలికళ్ళు కావాలి. తన కళ్ళు బాగాలేవని ఆ పిల్లకు చెప్పిందెవరు? ఇల్లు కొంత, వీధి కొంత, సినిమా కొంత. కానీ మారిసన్ అందరికంటే ముందు వాచకాన్ని తెచ్చి బోనులో నిలబెట్టింది. బడి ఇలా కూడా ఉంటుందా అని మొదటిసారి అనిపించింది ఆ పేజీ దగ్గరే.

ఇది కల్పన కదా అనుకుంటే, అక్కడే మరో సంగతి ఉంది. 1940లలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి దంపతులు, ఇద్దరూ మనస్తత్వ శాస్త్రజ్ఞులే, చిన్న పిల్లల ముందు బొమ్మలు పెట్టారు. అన్నీ ఒకే అచ్చులో పోసినవి, రంగు ఒక్కటే తేడా. మంచి బొమ్మ ఏది అంటే నల్లపిల్లల్లో చాలామంది తెల్లబొమ్మను చూపించారు. చెడ్డది ఏది అంటే నల్లబొమ్మను. మరి నీలాంటిది ఏదమ్మా అని అడిగితే కొందరు పిల్లలు ఏడ్చేశారట. 1954లో అమెరికా సుప్రీంకోర్టు రంగును బట్టి వేరు వేరు బళ్ళు పెట్టడం చెల్లదని తీర్పు చెప్పినప్పుడు, న్యాయమూర్తులు ఇలాంటి పరిశోధనలనూ తమ తీర్పులో పేర్కొన్నారు. తలుపులు తెరుచుకున్నాయి. పిల్లలు పోలీసుల కాపలా మధ్య, పక్కన పెద్దలు అరుస్తూ తిడుతుండగా, పుస్తకాల సంచులు పట్టుకుని లోపలికి నడిచారు.

ఇప్పుడు అదే జాతి తల్లులు కొందరు పిల్లల్ని ఆ తలుపులోంచి చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొస్తున్నారు. ఇంట్లోనే చదువు చెబుతున్నారు. అమెరికా జనాభా లెక్కల వాళ్ళు 2020లో ఇళ్ళకు పంపిన ప్రశ్నపత్రాల్లో, పిల్లలకు ఇంటిచదువు చెబుతున్నామన్న నల్లజాతి కుటుంబాలు వసంతకాలంలో వందకు 3.3 ఉంటే, ఆ ఏడాది శరత్కాలానికి 16.1 అయ్యాయి. కరోనా రోజులు కదా, అందరూ అంతే అనుకోవచ్చు. కానీ దేశమంతటి లెక్క 5.4 నుంచి 11.1కి పెరిగింది, అంటే రెట్టింపు. వీళ్ళది అయిదు రెట్లు. జబ్బు భయం ఒక కారణమే. తల్లులు చెప్పే మిగతా కారణాలు వేరు. అదే అల్లరికి మా వాడికి పెద్ద శిక్ష పడుతుంది. మా పిల్లకు తెలివి తక్కువని ముందే రాసిపెట్టుకుంటారు. మా చరిత్ర బానిసత్వంతో మొదలై అక్కడే ఆగిపోతుంది.

ఈ వాదం కొత్తది కూడా కాదు. కార్టర్ వుడ్‌సన్ అనే చరిత్రకారుడు 1933లోనే తమకు చెప్పే చదువు చదువు కాదనీ, తమను తాము తక్కువగా చూసుకోవడం నేర్పే తర్ఫీదనీ ఒక పుస్తకమే రాశాడు. 1935లో డుబాయిస్ ఇంకా ఇబ్బందికరమైన ప్రశ్న వేశాడు. మనకు వేరు బళ్ళు కావాలా, కలిసిన బళ్ళు కావాలా? ఆయన జవాబు నాకు నచ్చుతుంది. వేరుదీ కాదు, కలిసినదీ కాదు, పిల్లవాడికి కావలసింది చదువు. తనను మనిషిగా చూసే పంతులు ఎక్కడుంటే అది అక్కడ దొరుకుతుంది అన్నాడు. అన్నట్టు, ఆయన ఊరికే వ్యాసాలు రాసి కూర్చోలేదు. 1920, 21 సంవత్సరాల్లో నల్లపిల్లల కోసమే 'ది బ్రౌనీస్ బుక్' అనే మాసపత్రిక నడిపాడు. 24 సంచికలు వచ్చాయి. మన 'చందమామ' పుట్టడానికి 27 ఏళ్ళ ముందు మాట ఇది. లాంగ్‌స్టన్ హ్యూస్ తొలి రచనలు కొన్ని అందులోనే పడ్డాయి. అంటే ఇవాళ అమెరికాలో ఒక నల్లతల్లి ఇంట్లో బడి పెడితే, ఆవిడ అల్మారాలో వందేళ్ళ సరుకు ఉంది.

ఇదంతా అమెరికా గొడవ, మారేడ్‌పల్లిలో కూర్చున్న నీకెందుకమ్మా అంటారా? చెబుతాను.

మా వీధి చివరి అపార్ట్‌మెంట్లో నా స్నేహితురాలు ఒకామె ఉంది. బ్యాంకు ఉద్యోగం. నన్ను అక్కా అంటుంది. నేను పేరు పెట్టే పిలుస్తాను కానీ ఆ పేరు ఇక్కడ రాయను. ఆమె కూతురికి తొమ్మిది నిండి పది. ఈమధ్య బడిలో 'మా కుటుంబ వృక్షం' అని అట్ట మీద రాసుకు రమ్మన్నారు. తాతల పేర్లు, వాళ్ళ వృత్తులు. ఆ పిల్ల చక్కగా చెట్టు వేసి, ఆకులు కత్తిరించి అంటించి, 'తాతయ్య - చెప్పులు కుట్టేవారు' అని రాసింది. పక్కబెంచీ వాళ్ళు నవ్వారు, ఒక పేరూ పెట్టారు. టీచరు వాళ్ళను కోప్పడింది. కోప్పడి, ఈ పిల్ల దగ్గరకు వచ్చి, "లెదర్ బిజినెస్ అని రాయమ్మా, బాగుంటుంది" అంది.

ఆవిడ చెడ్డమనిషి కాదు. కష్టమంతా అక్కడే ఉంది. చెడ్డమనిషయితే వెళ్ళి పోట్లాడి రావచ్చు.

పిల్ల రబ్బరుతో చెరిపింది. చెరిపీ చెరిపీ అట్టకు చిల్లు పడింది. ఆ చిల్లు చూశాకే తల్లికి సంగతంతా తెలిసింది. మర్నాడు సాయంత్రం మా ఇంటికొచ్చి, "అక్కా, దీన్ని బడి మాన్పించేస్తా. ఇంట్లో నేనే చెప్పుకుంటా. ఓపెన్ స్కూలు పరీక్షలు ఉన్నాయి కదా" అంది. ఉన్నమాటే. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు బడిని హక్కుగా ఇచ్చింది గానీ, ఇంటిచదువు సంగతి నాన్చి వదిలేసింది. మన ఊళ్ళో ఇంట్లో చదివించే వాళ్ళు లేకపోలేదు. ఎక్కువమంది మార్కుల మీద విరక్తి పుట్టినవాళ్ళు. పిల్లవాడు ప్రకృతిలో పెరగాలి, సీతాకోకచిలుకల వెంట పడాలి అంటారు. తాతగారి వృత్తి కోసం బడి మాన్పిస్తానన్న మనిషిని నేను చూడటం ఇదే మొదలు.

తర్వాత ఆమె అడిగిన మాటే నన్ను ఈ వ్యాసం దాకా లాక్కొచ్చింది. "నువ్వు పుస్తకాల మనిషివి. పదేళ్ళ పిల్ల చదవడానికి తెలుగు పుస్తకాలు పది చెప్పు. వాటిల్లో మన పిల్లలుండాలి. ఏడ్చే పిల్లలు వద్దు."

మన పిల్లలు అంది. మా పుట్టింట్లో ముందుగదిలో అంబేద్కర్ పటం, యేసుప్రభువు పటం ఒకే మేకుకి కాస్త అటూ ఇటూగా వేలాడేవి. కాబట్టి ఆ మాటకు అర్థం అడగవలసిన పని నాకు లేకపోయింది.

పదే కదా అనుకుని బీరువా తెరిచాను.

ముందుగా చేతికొచ్చింది పెద్ద బాలశిక్ష. తెలుగువాళ్ళ ఇంటిబడికి అసలు సిసలు వాచకం అదేగా! అక్షరాలు, ఎక్కాలు, నెలలు, నక్షత్రాలు... సామెతల దగ్గర ఆగాను. నా దగ్గరున్నది పాత ప్రతి. మన సామెతల్లో కులాల మీద కట్టినవి ఎన్నో, వాటిల్లో మనవాళ్ళ పేరు ఎందుకొస్తుందో మీకు తెలుసు. పుస్తకం పక్కన పెట్టాను. చందమామ బైండు సంపుటాలు? నేను ఆ కథల మీదే పెరిగాను, వాటి తెలుగంటే నాకు ప్రాణం. కానీ రాజుగారు, మంత్రిగారు, పేద బ్రాహ్మడు, షావుకారు, కుమ్మరి, చాకలి అందరూ తిరిగే ఆ ఊళ్ళో ఊరవతలి వాడ ఉన్నట్టు నాకు గుర్తులేదు. రాజుగారి కాళ్ళకు చెప్పులు మాత్రం ఉండేవి. ఎవరు కుట్టారో!

ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' తీశాను. 1922 నాటి నవల, సర్కారు నిషేధించిన నవల, మాలవాళ్ళ ఇంటిని కథకు నట్టిల్లు చేసిన నవల. ఆ గౌరవం ఎవరూ కాదనలేరు. కానీ పదేళ్ళ పిల్ల కళ్ళతో చదివితే రామదాసు మరీ మంచివాడు. ఎంత అన్యాయం జరిగినా తత్త్వమే మాట్లాడతాడు. చదివేవాళ్ళ జాలికి అర్హుడు కావాలంటే మనవాడు వేదాంతి అయి తీరాలా అని నాకెప్పుడూ ఒక చిన్న విసుగు. మామూలు కోపం, మామూలు ఆకలి, మామూలు అల్లరి ఉన్నవాడైతే చాలదా?

బోయి భీమన్నగారి 'పాలేరు' నాటకం ఆ విషయంలో నయం. పాలేరు కుర్రవాడు చదువుకుంటాడు, ఆఫీసరవుతాడు. ఆ నాటకం చూసి ఎందరో పాలేళ్ళు పని మానేసి బళ్ళకు వెళ్ళారని పెద్దలు చెప్పుకునేవారు. ఒక నాటకానికి అంతకంటే ఏం కావాలి? అయితే నా స్నేహితురాలి కూతురు ఇప్పటికే ఆఫీసరు కూతురు. మెట్లెక్కి పైకి వచ్చిన ఇంట్లో పుట్టింది. మెట్లు ఎలా ఎక్కాలో చెప్పే పుస్తకంతో ఆమెకు పనిలేదు. పైన కూర్చున్నాక కూడా పక్కబెంచీ ఎందుకు నవ్విందో చెప్పే పుస్తకం కావాలి. ఆ పుస్తకం 'పాలేరు'లో లేదు. భీమన్నగారి తప్పు కాదు. ఆ ఘట్టం అప్పటికింకా రాలేదు.

జాషువాగారి 'గబ్బిలం' (1941) సంగతి చెప్పాలి. గుడిలోకి తనకు ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది, కాబట్టి దాని చేత శివుడికి కబురు పంపిస్తాడు. ఈ ఊహ ఉందే, పిల్లలకు ఎంత బాగుంటుందో! గబ్బిలమంటే వాళ్ళకు భయంతో కలిసిన ఇష్టం. కానీ పద్యాలు పదేళ్ళ నోటికి గట్టివి. ఎవరైనా ఆ కథను బొమ్మలతో, సరళమైన వచనంలో పిల్లలకు చెబితే బాగుండును.

అంబేద్కర్ తన అనుభవాలు చెప్పుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చిన్న పుస్తకం. బడిలో కూర్చోడానికి తన గోనెపట్టా తనే తీసుకెళ్ళి, సాయంత్రం తనే ఇంటికి తెచ్చుకోవాలి; నౌకరు వచ్చి పోస్తేనే నీళ్ళు, నౌకరు రాకపోతే లేవు. ఏడ్చే పిల్లలు వద్దంది కదా తల్లి? ఈ పుస్తకం ఏడుస్తూ చెప్పింది కాదు. లెక్క చెప్పినట్టు చెబుతాడు. దీన్ని పదిలో ఒకటిగా రాసుకున్నాను.

రెండోది వై.బి. సత్యనారాయణగారి 'మా నాయన బాలయ్య'. 2011లో ఇంగ్లీషులో వచ్చింది, తర్వాత తెలుగులో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. కరీంనగర్ ప్రాంతపు వంగపల్లి నుంచి రైలుపట్టాల వెంట నడిచి వచ్చిన ఒక మాదిగ కుటుంబం మూడు తరాల కథ. తండ్రి రైల్వేలో చిన్న కూలీ. తన పిల్లలు ఆ పనిలో అడుగుపెట్టకూడదని పంతం పట్టాడు. పెద్దవాడి జీతం మీద తర్వాతివాడు, అతని చెయ్యి పట్టుకుని ఆ తర్వాతివాడు చదివి, ఆ రైల్వే క్వార్టర్లలోంచి ప్రొఫెసర్లు వచ్చారు. ఇది ఇంటిబడి కాక మరేమిటి? పంతులూ ఇంటివాడే, కట్టుబాటూ ఇంటిదే, ఫీజూ ఇంటిదే. రచయిత గొంతు పెంచడు, అలంకారాలు తగిలించడు. కెమిస్ట్రీ మేష్టారు కదా, కొలిచి పోసినట్టు రాశాడు. నాకున్న అసంతృప్తి ఒక్కటే. ఆ ఇంట్లో పిల్లలకు చదువు మీద భక్తి ఎలా నేర్పారో విపులంగా ఉంది. బయట తమను ఏమని పిలుస్తున్నారో దాని గురించి రాత్రి అన్నాల దగ్గర ఏం మాట్లాడుకున్నారో అంతగా లేదు. బహుశా మాట్లాడుకోలేదేమో. పరీక్ష ప్యాసైతే ఆ మాట దానంతట అదే రాలిపోతుందని ఆ తరం నమ్మకం.

మాట్లాడుకున్న ఇల్లు కావాలంటే కల్యాణరావుగారి 'అంటరాని వసంతం' (2000) తెరవాలి. నవలంతా రూతు జ్ఞాపకం. ఎన్నెలదిన్ని, ఎల్లన్న, సుభద్ర, బూదేవి, ఎవరి కథ ఎవరు ఎవరికి చెప్పారో ఆ వరస. ఎల్లన్న ఉరుముల నాట్యం, పాటలు, వీధిభాగోతం... బడి లేదు, పలక లేదు, ఒక జాతి తన చరిత్రను నోటితో చెవికి అందించుకుంటూ వస్తుంది. బాలయ్య ఇంట్లో అక్షరం ఉంది, ఈ ఇంట్లో జ్ఞాపకం ఉంది. రెండూ ఒక కప్పు కింద చేరితే అదీ నా స్నేహితురాలు కోరే బడి. కానీ ఇందులో చావులున్నాయి, కరువుంది. పదేళ్ళ పిల్ల కోసం రాసింది కాదు. పదిహేనో ఏట ఇవ్వాలని వేరే కాగితం మీద రాసిపెట్టాను.

కంచ ఐలయ్యగారి 'నేను హిందువునెట్లయిత' పిల్లకు కాదు, తల్లికి ఇచ్చాను. 1996లో ఇంగ్లీషులో వచ్చిన ఈ పుస్తకంలో ఆయన తన వాచకాల మీద చేసిన ఫిర్యాదు మన సాహిత్యంలో వచ్చిన మంచి విమర్శల్లో ఒకటని నా అభిప్రాయం. ఆ పుస్తకంలో దేవుళ్ళు మా దేవుళ్ళు కారు, ఆ తెలుగు మా ఇంటి తెలుగు కాదు, అలాంటప్పుడు ఇంగ్లీషు వాచకానికీ దీనికీ మాకు తేడా ఏమిటి అంటాడు. ఆయన తీర్మానాలన్నిటితో నేను ఏకీభవించను. ఆ ప్రశ్న మాత్రం మారిసన్ మొదటి పేజీకి వరసకు చుట్టం.

ఇక్కడిదాకా వచ్చాక బడి మాన్పించడమే న్యాయం అనిపించింది నాకు. అప్పుడు గోగు శ్యామల కథల సంపుటి 'ఏనుగంత తండ్రి కన్నా ఏకులబుట్టంత తల్లి నయం' మళ్ళీ చదివాను. అందులో ఒక కథ ఉంది. ఊరి పెద్దలు ఒక మాదిగ పిల్లను జోగిని చెయ్యాలని నిర్ణయిస్తారు. తండ్రి రాత్రికి రాత్రి పిల్లను తీసుకెళ్ళి హాస్టల్లో వేస్తాడు, చదువుకోమంటాడు. ఊరు ఊరుకోదు. ఆ తండ్రి తన్నులు తింటాడు, ఉన్న భూమి పోగొట్టుకుంటాడు. శ్యామల ఆ తండ్రిని వీరుణ్ణి చెయ్యదు, ఉపన్యాసం చెప్పించదు. భయపడుతూనే నడిచే మనిషిగా నడిపిస్తుంది. తెలంగాణ పల్లె మాటలో అంత క్లుప్తంగా అంత బరువు ఎత్తిన కథ ఈ పాతికేళ్ళలో నేను మరొకటి చదవలేదు.

ఆ కథ చదివాక 'ఇంట్లోనే చదివిస్తా' అన్న మాట నాకు వేరుగా వినిపించింది. ఆ పిల్లకు ఊరు ప్రమాదం, బడి గుడిసెకంటే భద్రం. బెంచీ మీద చోటు కోసం ఒక తండ్రి భూమి ఇచ్చుకున్నాడు. పక్కబెంచీ నవ్విందని ఆ చోటు ఖాళీ చేసి వస్తే, అక్కడ ఎవరు కూర్చుంటారు? నల్లజాతి తల్లులకూ ఇదే ఎదురైంది. 1954లో తెరిచిన తలుపును మనమే మూస్తున్నామా అని అక్కడి పెద్దలు కొందరు బాధపడ్డారు. నేను ఆమెతో ఈ మాట అన్నాను. "నా కూతురు ఏమన్నా జెండానా అక్కా, పాతి ఉంచడానికి?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ ఆమె మాటలో నిజం లేదని అనలేను.

అయితే మన ఊళ్ళోనే మూడో దారి తొక్కినవాళ్ళున్నారని గుర్తు చేశాను. భాగ్యరెడ్డివర్మ (1888-1939) ఇంటికీ పోనివ్వలేదు, ఎదుటివాళ్ళ బడి గుమ్మంలోనూ నిలబెట్టలేదు. తామే బళ్ళు పెట్టాడు. నిజాం రాజ్యంలో, ఉర్దూ చదువుల కాలంలో, తెలుగులో చెప్పే ఆది హిందూ పాఠశాలలు. 1933 నాటికి 26 బళ్ళు, సుమారు రెండున్నర వేలమంది పిల్లలు. ఆయన రచయిత కూడానండోయ్. 1931లో తన 'భాగ్యనగర్' పత్రికలో 'వెట్టి మాదిగ' అనే రచన ధారావాహికగా వేశాడు. తొలి దళిత నవల ఇదే అనేవారున్నారు. బళ్ళు పెట్టినవాడే కథ కూడా రాశాడు చూడండి, పిల్లలకు కూర్చోడానికి చోటు ఒక్కటే చాలదని తెలిసి కాబోలు. ఇక మా వెస్ట్ మారేడ్‌పల్లిలో రోజూ మేం చూసే విగ్రహం ఈశ్వరీబాయిది. శాసనసభలో ఆమె గర్జన గురించే అందరూ చెబుతారు. 1967లో, 72లో ఎల్లారెడ్డి నుంచి గెలిచింది. కానీ అంతకుముందు ఆమె సికింద్రాబాదులో పంతులమ్మ. తర్వాత తనే గీతా విద్యాలయం పెట్టింది. ఆ విగ్రహం ముందు నుంచే స్కూలు బస్సు వెళుతుంది. బస్సులో పిల్లలకు ఆమె ఎవరో ఏ వాచకమూ చెప్పినట్టు లేదు.

జాబితా సంగతి మరిచిపోలేదు. అచ్చంగా పిల్లల కోసమని చూస్తే, హైదరాబాదులోని అన్వేషి మహిళా పరిశోధన కేంద్రం వాళ్ళు 2008లో 'డిఫరెంట్ టేల్స్' పేరిట తెలుగు, మలయాళం, ఇంగ్లీషుల్లో బొమ్మల పుస్తకాలు వేశారు. మహమ్మద్ ఖదీర్‌బాబు రాసిన తలకాయకూర ముచ్చట ఉంది అందులో. గోగు శ్యామల రాసిన బడెయ్య ఉన్నాడు, ఊరు తాటకి అని పేరు పెట్టిన పిల్ల ఉంది. వీళ్ళు ఏడ్చే పిల్లలు కారు. వండుకుంటారు, తింటారు, దెబ్బలాడతారు, గెలుస్తారు. బొమ్మల్లో ఇల్లు నిజం ఇల్లులా ఉంటుంది. ఏమాటకామాటే, కొన్ని కథల్లో పెద్దవాళ్ళ ఉద్దేశం పిల్లల భుజం మీంచి తొంగిచూస్తుంది. శ్యామల దగ్గర అది తక్కువ. చేతికి దొరికినవి ఇచ్చాను. అంతా కలిపి జాబితా అయిదు దాటలేదు. బ్రౌనీస్ బుక్ వచ్చి వందేళ్ళు దాటింది. మనకు దళిత కవిత్వం వచ్చింది, కథ వచ్చింది, నవల వచ్చింది, 'నల్లపొద్దు' లాంటి సంకలనాలు వచ్చాయి, వాటి మీద విశ్వవిద్యాలయాల్లో పట్టాలు కూడా వచ్చాయి. అన్నీ పెద్దవాళ్ళు పెద్దవాళ్ళ కోసం రాసుకున్నవి. గాయం చూపించడానికి రాశాం, ఎదుటివాణ్ణి నిలదీయడానికి రాశాం. రాయవలసిందే. కానీ అల్మారా కింది అర, పిల్లల చెయ్యి అందే అర, దాదాపు ఖాళీగా ఉంది. తెలుగు రచయితల మీద, నాతో కలిపి, నాకున్న ఫిర్యాదు ఇది.

స్నేహితురాలు చివరికి బడి మాన్పించలేదు. టీచరుతో మాట్లాడింది, గట్టిగానే. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా మాత్రం వాళ్ళింట్లో టీవీ ఉండదు, ఫోను ఉండదు, ఇంటిబడి ఉంటుంది. మొదటి వారం పాఠం ఆ చిల్లుపడ్డ అట్టే. 'లెదర్ బిజినెస్' లేదు. తాతగారు లంద ఎలా పెట్టేవారు, సున్నంలో తోలు ఎన్నాళ్ళు నానాలి, తంగేడు చెక్క ఎందుకు, ఆరె ఎలా పట్టుకోవాలి, రంపెతో ఎటునుంచి కొయ్యాలి, కిర్రుచెప్పులు కిర్రుమని ఎందుకంటాయి... తల్లికి తెలియనివి ఊళ్ళో ఉన్న పెద్దమ్మకు ఫోను చేసి అడిగి రాశారట. పది పేజీలైంది. నేను చదివాను. వాక్యాలు అక్కడక్కడా తడబడ్డాయి గానీ, ఒక్క విశేషణం కూడా అనవసరంగా లేదు. కొందరు నవలా రచయితలకు చూపించాలనిపించింది.

తర్వాత 'మా నాయన బాలయ్య'లోంచి మొదటి భాగం తల్లి చదివి వినిపించింది. రచయిత పూర్వీకుడు నర్సయ్య మెత్తని తోలుతో చెప్పులు కుట్టి నిజాం ప్రభువుకు సమర్పిస్తే, ఆయన మెచ్చి యాభై ఎకరాలు ఇచ్చాడు. ఊరి దొర చేతికి పోగా ఆ కుటుంబానికి దక్కింది రెండెకరాలు. చెప్పులకు యాభై ఎకరాలు వచ్చాయని పిల్ల చప్పట్లు కొట్టిందట. దొర సంగతి విన్నాక, "నలభై ఎనిమిది ఎవరి దగ్గరున్నాయమ్మా ఇప్పుడు?" అని అడిగిందట. ఆ సాయంత్రం బడి ఏడున్నర దాకా సాగిందని చెప్పింది స్నేహితురాలు.

వచ్చే వారానికి వాళ్ళకు ఇంకో పాఠం కావాలట. పూనాలో ఫూలే దంపతుల బడిలో చదువుకున్న ముక్తాబాయి అనే పద్నాలుగేళ్ళ మాంగు పిల్ల, 1855లో తన కులంవాళ్ళ కష్టాల మీద రాసిన వ్యాసం ఒకటుంది. పిల్ల రాసింది పిల్లకు చదివిద్దామని నా ఆలోచన. పదేళ్ళ పిల్లకు తగ్గ తెలుగులో నేనే చేసిపెడతానన్నాను. ఇప్పటికి మూడు పేరాలయ్యాయి.